కాగితం ఆరేలోపు ఒక ఆకాశం

సముద్రతీరాన్ని బొమ్మ వేయడానికి కూర్చున్నవాళ్ల దిగులంతా కాగితం కింది సగంలోనే ఉంటుంది. అల విరిగే చోట నురుగును తెల్లగా ఎలా మిగల్చాలి, తడి ఇసుక మీద మెరుపును ఎలా రాబట్టాలి, పడవను ఎడమన పెట్టాలా కుడిన పెట్టాలా? పైనున్న ఆకాశం మాత్రం అందరికీ తెలిసిందే కదా అన్నట్టు నీలం ట్యూబు పిండి, ఆ చివర నుంచి ఈ చివరదాకా ఒకే పూత పూసేస్తారు. బొమ్మ పూర్తయ్యాక గోడకు ఆనించి నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే ఏదో వెలితి. అలలు బాగానే ఉన్నాయి, పడవా బాగానే ఉంది. ఎండ మాత్రం లేదు, దూరం లేదు. సముద్రం వెనక ఎవరో నీలం గోడ కట్టినట్టుంది.

ఈ గోడను కూల్చడానికి నీటి రంగుల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. కాగితాన్ని ముందు శుభ్రమైన నీటితో తడపాలి. కింది భాగంలో బాగా పలచని వెచ్చని రంగు వేయాలి. పై అంచు నుంచి నీలాన్ని అడ్డంగా దింపుతూ, దిగే కొద్దీ పలచన చేయాలి. తడి ఉండగానే మబ్బులున్న చోట నీలాన్ని టిష్యూ కాగితంతో అద్ది తీయాలి, వాటి అడుగున కాస్త బూడిద రంగు తాకించాలి, ఆపైన చేయి తీసేయాలి. అంతా కలిపి పావుగంట పని. నేర్పేవాళ్లు దీన్ని మొదటి రోజే చెప్పేస్తారు. నేర్చుకునేవాళ్లు నెలల తరబడి పాడు చేస్తూనే ఉంటారు. నేను పాడు చేసినన్ని ఆకాశాలు లెక్క పెడితే ఒక కట్ట కాగితాలు దాటుతాయి.

అంత తేలికైన పద్ధతి అన్నిసార్లు ఎందుకు తప్పుతుందంటే, అందులో ఒకదానికొకటి సంబంధం లేని రెండు విషయాలు పెనవేసుకుని ఉన్నాయి. ఒకటి, నిజం ఆకాశంలో వెలుగు ఎలా పరచుకుంటుందన్నది. రెండోది, కాగితం మీద నీళ్లు ఎలా కదులుతాయన్నది. మొదటిది తెలియకపోతే రంగు తప్పుతుంది, రెండోది తెలియకపోతే అంచు తప్పుతుంది. రెండింటినీ విడదీసి చూస్తే చిక్కు విడిపోతుంది.

నీలం ఎక్కడ పలచబడుతుంది

నిర్మలమైన పగటిపూట నెత్తిన ఉన్న ఆకాశాన్ని చూసి, మెల్లగా చూపును సముద్రం అంచుదాకా దింపండి. నీలం ఒక్కసారిగా మారదు. ముందు చిక్కదనం తగ్గుతుంది, తర్వాత కాస్త ఆకుపచ్చ కలిసిన నీలంలోకి వాలుతుంది, చివరికి నీటి గీతకు కొంచెం పైన పాలు కలిపినట్టు తెల్లబోతుంది. ఆ తెలుపులోనూ పసుపో, గులాబీయో లీలగా ఉంటుంది. మన కళ్లు దీన్ని రోజూ చూస్తాయి. అయినా మనసు మాత్రం "ఆకాశం నీలం" అనే చిన్నప్పటి పాఠాన్నే గట్టిగా పట్టుకుంటుంది.

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఒరాస్ బెనెదిక్త్ ద సోస్యూర్ 1789లో ఈ నీలాన్ని కొలవడానికి ఒక పరికరమే చేశాడు. ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలంతో రంగు వేసిన కాగితం ముక్కలను తెలుపు నుంచి నలుపుదాకా యాభైకి పైగా మెట్లుగా ఒక చక్రం చుట్టూ అతికించి, దాన్ని ఆకాశానికి ఎదురుగా పట్టుకుని ఏ ముక్క సరిపోతుందో చూసేవాడు. దానికి సైయనోమీటర్ అని పేరు. చిత్రకారుడు ఒంటిచేత్తో చేసే పని కూడా ఇదే, చక్రం బదులు కుంచె ఉంటుంది. సోస్యూర్ మెట్లలో ఒక్కదాన్నే తీసుకుని ఆకాశమంతా పూయడం వల్లే గోడ తయారవుతుంది.

మెట్లు ఎందుకు ఏర్పడతాయన్నదానికి సమాధానం 1871లో జాన్ విలియం స్ట్రట్ ఇచ్చాడు. తర్వాత లార్డ్ ర్యాలీగా ప్రసిద్ధుడైనవాడు ఈయనే. గాలిలోని అణువులు చిన్న తరంగాలను పెద్ద తరంగాలకంటే ఎంతో ఎక్కువగా చెదరగొడతాయి. ఈ చెదరడం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, 450 నానోమీటర్ల నీలం 650 నానోమీటర్ల ఎరుపుకంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. అందుకే నెత్తిన నీలం. కానీ అంచు వైపు చూసేటప్పుడు మన చూపు గాలిని ఏటవాలుగా చీల్చుకుంటూ పోతుంది. నెత్తిన ఉన్న గాలిని ఒక వంతు అనుకుంటే, దిగంతం వైపు దాటాల్సిన గాలి సుమారు 38 వంతులు. అంత గాలిలో వెలుగు మళ్లీ మళ్లీ చెదిరి, అన్ని రంగులూ కలిసిపోయి తెలుపు వైపు తిరుగుతుంది. సముద్రం మీద దీనికి ఇంకొకటి తోడవుతుంది: అలలు చిమ్మిన ఉప్పు రేణువులు, తేమ. అణువులకంటే ఎంతో పెద్దవైన ఈ కణాలు రంగుల మధ్య పెద్దగా తేడా చూపకుండా అన్నింటినీ చెదరగొడతాయి. తీరం మీది ఆకాశం కొండ మీది ఆకాశంకంటే పాలిపోయి ఉండేది అందుకే.

కుంచె పట్టుకున్న మనిషికి ఇందులో అవసరమైనది ఒక్కటే: దిగంతం దగ్గర నీలం దాదాపు పూర్తిగా తప్పుకుంటుంది, దాని స్థానంలోకి వెచ్చని పలచదనం వస్తుంది. మొదట వేసే వెచ్చని పూత అలంకారం కోసం వేసేది అనుకుంటారు కొందరు. అది లేకపోతే నీలం ఎంత పలచన చేసినా అంచు దగ్గర చల్లటి నీలపు నీళ్లే మిగులుతాయి, ఎండ రాదు.

ఇక్కడే ఇంకొక సంగతి. నీటి ఒడ్డున నిలబడిన మనిషి కన్ను 1.6 మీటర్ల ఎత్తులో ఉంటే సముద్రపు గీత సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. అదే 30 మీటర్ల గట్టెక్కితే అది దాదాపు 20 కిలోమీటర్లకు జరుగుతుంది. ఒడ్డున కూర్చుని వేసే బొమ్మలో ఆ గీత కొంచెం తేటగా కనిపించడం, ఎత్తు నుంచి వేసే బొమ్మలో మసకగా కరిగిపోవడం ఈ తేడా వల్లే. ఎక్కడ కూర్చుని వేస్తున్నామో తేల్చుకోకుండా గీత ఎంత గట్టిగా ఉండాలో తేల్చుకోలేం.

సముద్రం ఎందుకు ముదురు

సముద్రం ఆకాశానికి అద్దం అంటారు. అంత మాత్రాన రెండింటికీ ఒకే రంగు వేస్తే బొమ్మ చెడుతుంది. నీరు పూర్తిగా నిశ్చలంగా ఉంటే దూరపు నీటిలో దూరపు ఆకాశమే కనిపిస్తుంది, గీత మాయమవుతుంది. అలాంటి ఉదయాలు అప్పుడప్పుడూ ఉంటాయి. మామూలు రోజుల్లో మాత్రం నీటి మీద లెక్కలేనన్ని చిన్న అలలుంటాయి, వాటిలో మనకు కనిపించేది మన వైపు వాలిన ముఖమే. ఆ ముఖాలు తెల్లబారిన అంచును చూపకుండా దానికి ఎంతో పైనున్న నీలాన్ని ప్రతిబింబిస్తాయి. అందుకే గీతకు ఆనుకుని పైన పాలిపోయిన ఆకాశం, కింద ముదురు నీరు. తీర దృశ్యంలో దూరం కనిపించేది ఈ రెండింటి మధ్య తేడాతోనే.

తొలినాళ్ల ఫొటోగ్రాఫర్లకు కూడా ఈ తేడా పెద్ద తలనొప్పి. 1850లలోని గాజు పలకలు నీలానికి అతిగా స్పందించేవి, సముద్రం సరిగ్గా రావాలంటే ఆకాశం ఖాళీ తెలుపుగా మిగిలేది. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే తన సముద్ర దృశ్యాల్లో కొన్నింటికి ఆకాశాన్ని ఒక నెగటివ్ నుంచి, నీటిని మరో నెగటివ్ నుంచి తీసుకుని ఒకే కాగితం మీద ముద్రించాడు. చిత్రకారులకు ఆ అవస్థ లేదు. ఆకాశాన్ని ముందు పూర్తిగా ఆరనిచ్చి, దాని మీద నీటిని వేరే పూతగా వేసుకోవచ్చు. మంచి సంగతేమిటంటే పలచని దాని మీద ముదురు వేయడం నీటి రంగులకు సహజమైన దారి. ఆకాశం ముందు, సముద్రం తర్వాత అన్న క్రమం అందుకే.

తడి లెక్క

ఇక రెండో సగం, నీళ్లు. అసలు కథ ఇక్కడే ఉంది.

నీటి రంగు అంటే పొడి చేసిన వర్ణకం, దాన్ని కాగితానికి పట్టి ఉంచే తుమ్మ జాతి చెట్ల బంక, కలపడానికి నీళ్లు. రంగు కదిలేది నీళ్లున్నంత సేపే. మంచి కాగితానికి సైజింగ్ అనే జిగురు పట్టించి ఉంటుంది, నీటిని అది వెంటనే లోపలికి పీల్చుకోనివ్వదు. ఆ జిగురు బలంగా ఉంటే మనకు సమయం దొరుకుతుంది. ఆకాశానికి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) బరువున్న పత్తి కాగితం వాడమనేది దీనికోసమే. పలచని డ్రాయింగు కాగితం తడవగానే అలలు తేలుతుంది, గుంటల్లో రంగు చేరుతుంది, ఆకాశంలో చారలు పడతాయి. డబ్బు మిగల్చుకోవాలనుకుంటే రంగుల్లో మిగల్చుకోండి, కాగితంలో మాత్రం వద్దు.

తడిపిన కాగితం ఆరేటప్పుడు నాలుగు దశలు దాటుతుంది. నేను వాటికి సొంత పేర్లు పెట్టుకున్నాను. మొదటిది అద్దం: నీళ్లు పైన నిలిచి ఉంటాయి, వంచితే జారుతాయి, కిటికీ అందులో కనబడుతుంది. రెండోది పట్టు: నిలిచిన నీరు ఉండదు, పట్టుబట్ట మీదలా మెత్తని మెరుపు మాత్రం ఉంటుంది. మూడోది చలువ: మెరుపు పోతుంది, చూడటానికి ఆరినట్టే ఉంటుంది, వేళ్ల వెనక వైపు ఆనిస్తే చల్లగా తగులుతుంది. నాలుగోది ఎండు. కాగితాన్ని కంటికి సమానంగా ఎత్తి వెలుతురు వైపు ఏటవాలుగా చూస్తే ఏ దశలో ఉందో క్షణంలో తెలుస్తుంది.

అద్దం దశలో వేసిన రంగు అదుపు లేకుండా పారిపోతుంది. ఆరాక చూస్తే వేసిన ఆకారం ఏదీ మిగలదు. పట్టు దశలో రంగు కొంత దూరం పాకి ఆగుతుంది, అంచు మెత్తగా ఉంటుంది. ఆకాశం పని మొత్తం జరగాల్సింది ఈ దశలోనే. చలువ దశ మోసకారి. ఆరింది కదా, ఒక్క గీత సరిదిద్దుదాం అనిపిస్తుంది. తడి కుంచె పెట్టగానే సగం ఆరిన రంగును కొత్త నీరు నెట్టుకుంటూ పోయి, చివర్లో కాలీఫ్లవర్ అంచులాంటి మరక కడుతుంది. నేర్చుకునేవాళ్ల ఆకాశాల్లో పదింటిలో తొమ్మిదింటిని చంపేది ఈ కాలీఫ్లవరే అని నా అనుభవం.

దాని వెనక ఉన్న సూత్రం చిన్నది. తేమ ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి నీరు పాకుతుంది, పోతూ పోతూ రంగును మోసుకుపోతుంది. కాబట్టి పట్టు దశలో ఉన్న కాగితం మీద పెట్టే కుంచెలో తడి, కాగితంలో ఉన్న తడికంటే తక్కువ ఉండాలి. రంగు చిక్కగా, నీరు తక్కువగా. కుంచెను గిన్నెలో ముంచాక పాత గుడ్డ మీద ఒక్కసారి ఒత్తడం అనే అలవాటు చేసుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి. ఇది తెలియక నేను మొదట్లో ప్రతిసారీ నీళ్లోడే కుంచెతోనే మబ్బుల దగ్గరికి వెళ్లేవాణ్ని. మబ్బుల బదులు పువ్వులు పూసేవి.

ఎండిన చుక్క చుట్టూ గట్టి అంచు ఎందుకు కడుతుందన్న ప్రశ్నకు 1997లో భౌతిక శాస్త్రవేత్తలు కాఫీ మరకను పరిశీలించి వివరణ ఇచ్చారు. చుక్క అంచు దగ్గర నీరు వేగంగా ఆవిరవుతుంది, ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచు వైపు పారుతుంది, దానితో పాటు రేణువులూ వెళ్లి అక్కడ పేరుకుంటాయి. పొడి కాగితం మీద ఆకాశం వేస్తే ప్రతి కుంచె దెబ్బకూ ఇలాంటి అంచు పడేది ఇందుకే. ముందే అంతటా తడిపి ఉంచితే ఆకాశం మధ్యలో అంచులే ఉండవు, పేరుకోవడానికి చోటు దొరకదు. ఈ పద్ధతిలో "ముందు తడపడం" అనే మొదటి మెట్టుకు ఉన్న అర్థం ఇంతే, కానీ మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి.

ఏ నీలం

ఒకే నీలంతోనూ వేయొచ్చు. రెండైతే సుఖం. పై భాగానికి అల్ట్రామెరైన్ గాని కోబాల్ట్ బ్లూ గాని, దిగే కొద్దీ సెరూలియన్. అల్ట్రామెరైన్‌లో కొద్దిపాటి ఎరుపు దాగి ఉంటుంది, సెరూలియన్ కాస్త పచ్చదనం వైపు ఒరుగుతుంది. నిజం ఆకాశం మారే క్రమానికి ఇది దగ్గరగా ఉంటుంది. అల్ట్రామెరైన్ అన్న మాటకు లాటిన్‌లో సముద్రానికి ఆవల అని అర్థం. ఆ రంగు తీసే లాజవర్ద రాయి అఫ్గానిస్థాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచి సముద్రం దాటి ఐరోపాకు చేరేది. బంగారంతో పోటీ పడే ఆ ఖరీదు 1820లలో కృత్రిమంగా తయారు చేసే పద్ధతి దొరికాక దిగిపోయింది. కోబాల్ట్ బ్లూను 1802లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ జాక్ తెనార్ రూపొందించాడు. సెరూలియన్ చిత్రకారుల పెట్టెల్లోకి 1860 ప్రాంతంలో వచ్చింది.

థాలో బ్లూ జోలికి మాత్రం ఆకాశంలో వెళ్లకండి. 1930లలో వచ్చిన ఈ రంగు చాలా బలమైనది, కాగితం నారల్లోకి దిగి పట్టుకుంటుంది. ఎంత అద్దినా పూర్తిగా లేవదు, మబ్బులు తెల్లబడవు. అల్ట్రామెరైన్, కోబాల్ట్ రేణువులు కాస్త పెద్దవి, కాగితం గుంతల్లో కూర్చుంటాయి, తడి ఉండగా అద్దితే సులువుగా వస్తాయి. మబ్బులను రంగు తీసి చూపించే పద్ధతికి లేచే రంగు కావాలి మరి.

వెచ్చని పూతకు రా సియెన్నా గాని ఎల్లో ఓకర్ గాని చాలు, రెండూ మట్టి పసుపు రంగులే. నిమ్మపసుపు వద్దు, దాని మీదికి నీలం దిగితే ఆకాశం ఆకుపచ్చబడుతుంది. ఓకర్‌తో కూడా ఆ ప్రమాదం కొంత ఉంది. అందులో చిటికెడు గులాబీ గాని లైట్ రెడ్ అనే మట్టి ఎరుపు గాని కలిపితే ఆ పచ్చదనం అణిగిపోతుంది.

పావుగంట

కాగితాన్ని బోర్డుకు నాలుగు వైపులా టేపుతో అంటించి, పై అంచు కింద ఒక మందపాటి పుస్తకం పెట్టి కాస్త వాలుగా ఉంచండి. సముద్రపు గీతను పెన్సిలుతో లీలగా గీయండి, స్కేలు వాడటానికి సిగ్గుపడనక్కర్లేదు. కొండ గీత వంకర పోయినా ఎవరూ పట్టించుకోరు, సముద్రం ఒక మిల్లీమీటరు ఒరిగినా నీళ్లు ఒలికిపోతాయన్న కంగారు చూసేవాళ్లకు కలుగుతుంది. గీతను మధ్యలో కాకుండా కింది మూడో వంతు దగ్గర పెడితే ఆకాశానికి చోటు దొరుకుతుంది.

రంగులు ముందే కలిపి పెట్టుకోవాలి, అవసరమనుకున్న దానికి రెట్టింపు. కాగితం తడిపాక గిన్నెలో రంగు వెతుక్కుంటూ కూర్చుంటే పట్టు దశ దాటిపోతుంది. ఇంకొక మాట, నీటి రంగు ఆరాక వెలిసిపోయినట్టు పలచబడుతుంది. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉందనిపించిన నీలం ఆరాక నీరసంగా ఉంటుంది. అందుకని పై అంచున వేసే నీలం తడిలో చూసినప్పుడు మరీ ఎక్కువైందేమో అనిపించాలి. ఒక పక్క ముక్క మీద వేసి ఆరబెట్టి చూసుకుంటే అనుమానం తీరుతుంది.

కొందరు సముద్రపు గీత మీద టేపు అంటించి ఆకాశాన్ని అక్కడే ఆపుతారు. నాకు అది నచ్చదు. టేపు అంచున రంగు పేరుకుని గీత కత్తితో కోసినట్టు వస్తుంది. వెచ్చని పూతను గీత దాటించి కాగితం కిందిదాకా తీసుకుపోవడమే మేలు. రేపు దాని మీద వేసే సముద్రానికి, ఇసుకకు అడుగున అదే వెలుగు ఉంటుంది, బొమ్మ రెండు ముక్కలుగా విడిపోదు. నురుగుకు అచ్చమైన తెలుపు కావాలనుకుంటే ఆ ఒక్క చోటు వదిలేయండి.

వెడల్పాటి కుంచెతో శుభ్రమైన నీళ్లు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. ఎక్కడా పొడి మచ్చ మిగలకుండా వాలుగా చూసి సరిచూసుకోవాలి. అద్దం కాస్త తగ్గగానే గీత చుట్టూ వెచ్చని రంగు, పైకి వెళ్లే కొద్దీ నీళ్లు మాత్రమే. వెంటనే కుంచె కడిగి, నీలంతో పై అంచున ఒక అడ్డ గీత. దాన్ని ఆనుకుని కింద ఇంకొకటి. ప్రతి రెండు గీతలకూ కుంచెలో రంగు తగ్గి నీరు పెరగాలి. మూడింట రెండు వంతులు దిగేసరికి నీలం అయిపోవాలి. వెచ్చని రంగుతో కలిసే చోట కుంచెతో రుద్దకండి, బోర్డు వాలు ఆ పని చేసి పెడుతుంది. నీలం మరీ కిందికి జారుతుంటే బోర్డును తలకిందులు చేసి ఒక నిమిషం పట్టుకోండి, పోయిన రంగు వెనక్కి వస్తుంది.

మబ్బులు లేని ఆకాశం కావాలనుకుంటే పని ఇక్కడితో అయిపోయింది. సముద్రం వైపు చూస్తూ వేసే మధ్యాహ్నపు బొమ్మకు ఇదే నిజానికి దగ్గర కూడా. పగటిపూట నేల వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తుంది, సముద్రం నుంచి చల్లగాలి అటు వీస్తుంది. మబ్బులు నేల మీద పోగుపడతాయి, నీటి మీద గాలి కిందికి దిగుతూ ఆకాశాన్ని తేటగా ఉంచుతుంది. సముద్రం వైపు చూసేవాడికి ఖాళీ నీలం, వీపు వెనక దూదికొండలు.

మబ్బుల సంగతి

మబ్బులు కావాలనుకుంటే పట్టు దశలోనే టిష్యూ కాగితాన్ని నలిపి అద్దండి. రుద్దకూడదు, అద్ది ఎత్తాలి, ప్రతిసారీ టిష్యూను తిప్పి పొడి వైపు వాడాలి. లేకపోతే తీసిన నీలాన్ని మళ్లీ అంటించినట్టవుతుంది. పై అంచు గుండ్రంగా, కాస్త తేటగా. అడుగు చదునుగా, మెత్తగా.

చదునుగా అన్నది ఊరికే అనలేదు. పైకి లేచే తేమగాలి ఒక ఎత్తులో మంచుబిందు ఉష్ణోగ్రతకు చల్లబడి నీటి తుంపరగా మారుతుంది. ఆ చుట్టుపక్కల గాలికి ఆ ఎత్తు దాదాపు ఒకటే కాబట్టి మబ్బులన్నీ ఒకే గాజుపలక మీద నిలబెట్టినట్టు ఉంటాయి. ఈ పలకను పట్టుకుంటే ఆకాశంలో దూరం ఎలా చూపాలో తెలిసిపోతుంది. అడుగు ఒక కిలోమీటరు ఎత్తున ఉన్న మబ్బు నెత్తిన ఉంటే మెడ వెనక్కి వాల్చి చూడాలి. అదే ఎత్తున్న మబ్బు పది కిలోమీటర్ల దూరంలో ఉంటే దాని అడుగు దిగంతానికి ఆరు డిగ్రీల కంటే పైన ఉండదు. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు, అంటే సగం పిడికిలి. ఇరవై కిలోమీటర్ల దూరంలోది మూడు డిగ్రీల లోపే. కాబట్టి కాగితం పైభాగంలో మబ్బులు పెద్దవి, ఎడం ఎక్కువ. దిగే కొద్దీ చిన్నవి, సన్నవి, ఒకదానికొకటి ఆనుకుని, చివరికి అడ్డగీతలు. ఒకే సైజు దూదిపింజలను ఆకాశమంతా చల్లడం చిన్నపిల్లల బొమ్మల్లో ముద్దుగా ఉంటుంది.

మబ్బు అడుగున వేసే బూడిద రంగును నలుపుతో కలపవద్దు, మసి అంటినట్టుంటుంది. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు కలిపితే ఆకాశంలోంచే పుట్టినట్టుండే బూడిద వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా తిరుగుతుంది. ఒత్తిన కుంచెతో అడుగున ఒక్క తాకు, సూర్యుడి వెలుగు పడని వైపే. దూరపు మబ్బుల తెలుపులో కాస్త పసుపు ఉండాలి. అంత గాలి దాటి వచ్చేసరికి వాటి వెలుగులోని నీలం దారిలోనే చెదిరిపోతుంది.

మబ్బులకు క్యుములస్, స్ట్రేటస్, సిర్రస్ అనే పేర్లు 1802 డిసెంబరులో ల్యూక్ హోవర్డ్ అనే లండన్ మందుల వ్యాపారి చేసిన ప్రసంగంతో మొదలయ్యాయి. ఇరవయ్యేళ్లు తిరగకుండానే, 1821, 1822లలో, ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ లండన్ పక్కనున్న హాంప్‌స్టెడ్ గుట్ట మీద కూర్చుని ఒట్టి ఆకాశాలనే వరసగా వేశాడు. నూనె రంగుల్లో, చిన్న కాగితాల మీద, చాలావాటికి చెట్టు కొమ్మ కూడా లేకుండా. ఫ్రాన్సు తీరంలో ఓన్‌ఫ్లూర్‌లో నావికుడి కొడుకుగా పుట్టిన యూజెన్ బూదాఁ పాస్టెల్ రంగులతో అదే పని చేశాడు. ఆకాశాల రాజు అని అతన్ని తోటి చిత్రకారుడు కోరో పిలిచాడు. తర్వాత పేరుమోసిన చిత్రకారుడైన మోనేను, కుర్రవాడిగా ఉన్నప్పుడు, ఆరుబయటికి తీసుకుపోయి చిత్రించడం అలవాటు చేసినవాడూ అతనే. ఇద్దరిలో ఎవరిదీ నీటి రంగుల ఆకాశం కాదు, అయినా ఇద్దరి దగ్గరా నేర్చుకోవలసింది ఒకటే: ఆకాశాన్ని తొందరగా, చిన్నగా, మళ్లీ మళ్లీ వేయడం.

యాక్రిలిక్ రంగులతో వేసేవాళ్లకు ఈ పద్ధతి ముక్కలుగానే పనికొస్తుంది, అవి ఆరాయంటే మళ్లీ కదలవు, అద్ది తీయడానికి వీలుండదు. మబ్బులను తెలుపుతో పైన వేసుకోవాల్సిందే. నూనె రంగుల్లో సమస్య తిరగబడుతుంది: గంటల తరబడి తడి ఉంటుంది కాబట్టి నీలాన్నీ వెచ్చదనాన్నీ కలుపుతూ కలుపుతూ బురద చేసే ప్రమాదం. కింది నుంచి పైకి వేరువేరు పట్టీలుగా కలిపిన రంగులు వేసి, కలిసే చోట పొడి కుంచెతో రెండు మూడు సార్లు తుడిస్తే చాలు.

ఆకాశం పూర్తిగా ఎండాక, వేళ్ల వెనక వైపు చల్లదనం తగలనప్పుడు, సముద్రానికి వెళ్లాలి. గీత దగ్గర ఆకాశం పైభాగపు నీలాన్నే కాస్త ముదురుగా ఒక అడ్డపట్టీ, ఒడ్డుకు వచ్చే కొద్దీ పలచన. పైన మబ్బు ఉన్న చోట నీటిలో ఒక ముదురు చార. గీతను విడిగా నల్లగా దిద్దే కోరిక పుడుతుంది, వద్దు. రెండు పూతల మధ్య తేడాయే గీత.

మెరుపు పోయిన తర్వాత, ఆరకముందు, కుంచె చేతిలో ఉంటే ఏదో ఒకటి సరిదిద్దకుండా ఉండలేం. నేను ఆ దశ రాగానే కుంచెను కడిగి, లేచి వెళ్లి టీ పెట్టుకుంటాను. మచ్చ పడి ఉంటే ఆరాకే చూసుకోవచ్చు. చిన్న మచ్చలు పక్షులుగా మారతాయి, పెద్దవి మబ్బులుగా.

కాగితాన్ని పోస్టుకార్డు సైజుకు నాలుగు ముక్కలు చేసి, ఒకే సాయంత్రం అరగంటకొకటి చొప్పున నాలుగు ఆకాశాలు వేసి చూడండి. పడవలు, అలలు ఏమీ వద్దు. ఆరాక ఒక్కొక్క దాన్నీ వెనక్కి తిప్పి, కాన్‌స్టబుల్, బూదాఁ రాసుకున్నట్టే తేదీ, వేళ, గాలి ఎటు నుంచి వీస్తోందో పెన్సిలుతో రాసిపెట్టుకోండి.